కరువు నాటి రాతిపని

బిషప్ పీఠం ఉన్న చర్చిని కెథడ్రల్ అంటారు. దక్షిణ ఇండియా సంఘంలోని మెదక్ అధ్యక్ష మండలానికి మెదక్ చర్చి అటువంటి కెథడ్రల్. నిజాం ఏలుబడిలోని నేల మీద, ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో పని మొదలుపెట్టించగా, 1924 డిసెంబరు 25న దీని ప్రతిష్ఠ జరిగింది.

ఈ కట్టడం గోథిక్ పునరుద్ధరణ శైలికి చెందింది. మధ్యయుగపు ఐరోపా చర్చిల పద్ధతిని తిరిగి చేపట్టిన ఈ శైలికి ప్రాణం కొన తేలిన ఆర్చి. అర్ధవలయపు ఆర్చి ఎత్తు దాని వెడల్పులో సగానికే పరిమితం కాగా, కొన తేలిన ఆర్చి అదే వెడల్పులో మరింత పైకి లేవగలదు. పైబరువు పక్కలకు నెట్టే ఒత్తిడినీ తగ్గిస్తుంది. సుమారు 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు గల ఈ చర్చికి దాదాపు 175 అడుగుల గంటగోపురం ఉంది. శిలువ ఆకారపు లోపలి భాగంలో క్రీస్తు ఆరోహణం, జననం, శిలువ మరణం చూపే మూడు రంగుటద్దాల కిటికీలను ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించగా, అవి వరుసగా 1927, 1947, 1958లలో అమరాయి. కరిగిన గాజులో లోహపు ఆక్సైడ్లు కలిపితే రంగు వస్తుంది. ముక్కలను సీసపు పట్టీలతో కలుపుతారు. వెలుగు బయటి నుంచి రావాలి కనుక, లోపల నిలిచినవారికి ఈ బొమ్మలు పగటిపూటే విప్పారుతాయి.

అయితే ఈ చర్చి గొప్పతనాన్ని కొలతలతోనూ శైలి పేరుతోనూ ముగించడం న్యాయం కాదు. మొదటి ప్రపంచ యుద్ధం, కరువు కలిసి జనాన్ని కుంగదీసిన రోజుల్లో ఆకలిగొన్నవారికి పని చూపి తిండి పెట్టడం ఈ నిర్మాణ సంకల్పంలో భాగం. నమూనా సముద్రం దాటి వచ్చినా, రాయి మోసినవారు, చెక్కినవారు, పేర్చినవారు లేనిదే అది కాగితం దాటేది కాదు. పాస్నెట్ పేరు తెలిసినంతగా వారి పేర్లు నేటి పాఠకులకు తెలియవు. చరిత్ర రచన ఈ లోటును గుర్తించాలి. సంరక్షణ కూడా గోడలతో ఆగక, రాతి నాడి ఎరిగి ఉలి పట్టే మెళకువను కొత్త తరానికి నేర్పి, ఆ పనికి తగిన కూలి దక్కేలా చూసినప్పుడే, కట్టినవారి పట్ల కృతజ్ఞత మాటలకు పరిమితం కాకుండా ఉంటుంది.