లుకుమీ చెడిపోయిన యొరుబాయేనా?

లిడియా కాబ్రేరా కూర్చిన 'అనాగో' నిఘంటువు 1957లో హవానాలో అచ్చయింది. పశ్చిమాఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనాల యొరుబా భాష క్యూబాలో లుకుమీ పేరుతో మిగిలింది. ఆ మాటలకు స్పానిష్‌లో అర్థాలిచ్చిన పుస్తకం ఇది. కూర్చినామె కలవారి ఇంటి తెల్ల స్త్రీ. చెప్పినవాళ్ళు బానిసల పిల్లలు, మనవలు.

లుకుమీ చెడిపోయిన యొరుబా అనే మాట తరచూ వినపడుతుంది. నిజమే, యొరుబాకు ప్రాణమైన స్వరభేదం ఇందులో పోయింది. నైజీరియాలో 'ఇగ్బా' అన్న మాటను ఒక స్వరంలో పలికితే రెండువందలు, ఇంకో స్వరంలో సొరబుర్ర, మరో స్వరంలో కాలం. స్పానిష్‌లో ఈ తేడాలు లేవు. కాబ్రేరా రాసిందీ స్పానిష్ పద్ధతిలోనే. అయితే భాష పోయిందనేవాళ్ళు, ఎవరు పోగొట్టారో ఎందుకు చెప్పరు? చెరుకుతోట, కోర్టు, బడి అన్నిట్లోనూ దొరల భాషే. 1886లో బానిసత్వం రద్దయ్యాకా అంతే. యొరుబాకు మిగిలిన చోటల్లా ఒరిషా దేవతల కొలుపు.

ఇక కొలబద్ద సంగతి. ప్రామాణికం అంటున్న రాత యొరుబా ఎక్కడ పుట్టింది? శామ్యూల్ క్రౌథర్‌ను 1821లో బానిసగా పట్టుకున్నారు. 1822లో బ్రిటిష్ నౌకాదళం ఓడలోంచి విడిపించి సియెర్రా లియోన్‌లో దింపింది. 1843లో ఆయన యొరుబా పదకోశం అచ్చయింది. అంటే ప్రామాణిక భాషకు పునాది వేసినవాళ్ళలో ముఖ్యుడు కూడా ఊరు తప్పినవాడే. 'యొరుబా' అన్న పేరూ మొదట ఓయో వాళ్ళదే. ఎగ్బా, ఇజేబు, ఇజేషా జనాలకు ఎవరి పేరు వాళ్ళకుండేది. ఈ జనాలనే క్యూబాలో లుకుమీ అన్నారు, బ్రెజిల్‌లో నాగో అన్నారు, సియెర్రా లియోన్‌లో అకు అన్నారు. చెక్కుచెదరని మూలం ఒకటుంది, మిగతావన్నీ దానికి తప్పుడు నకళ్ళు అనే వాదన ఈ చరిత్ర ముందు నిలవదు.

కాబ్రేరా చేసిన మేలు ఇక్కడే ఉంది. పుస్తకం ఉపశీర్షికలోనే దీన్ని క్యూబాలో మాట్లాడే యొరుబా అంది. లోటూ ఉంది. మాటను పాటలోంచి, కొలుపులోంచి తెంపి వరసగా పేరిస్తే దాని వాడుక కనపడదు. పైగా ఆమెకంటే ముందే పూజారులు చేతిరాత పుస్తకాల్లో ఈ మాటలు దాచుకున్నారు. భాషను కాపాడిన ఖ్యాతి మొదట వాళ్ళకు దక్కాలి.

ఇవాళ నైజీరియా యొరుబా చూసి లుకుమీ పాటలు దిద్దుతున్నవాళ్ళున్నారు. యొరుబా నేర్చుకోవడం మంచిదే, తెగిన చుట్టరికం కలుస్తుంది. కానీ ఆ పాటల్లోని ప్రతి మార్పూ, పాడినవాళ్ళ మీద జరిగినదానికి సాక్ష్యం. పాటను దిద్దితే ఆ సాక్ష్యం చెరిగిపోతుంది.