మారుతి ఇంజనుకు పట్టిన రేసు యోగం

నెల్లూరు నుంచి చెన్నై హైవే పట్టుకుంటే సూళ్లూరుపేట, తడ, గుమ్మిడిపూండి దాటాక షోలవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వేసిన రన్‌వే మీద అక్కడ కార్ల రేసులు జరిగేవి. మన నెల్లూరు జిల్లా కుర్రకారు బస్సులెక్కి వెళ్లి చూసొచ్చేవారని పెద్దలు చెబుతారు. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ వచ్చింది, షోలవరం వైభవం ముగిసింది. చరిత్ర ఇంతటితో చాలు. నా మనసు దోచుకున్నది ఒక చిన్న బండి, ఫార్ములా మారుతి.

దాన్ని తయారుచేసినవాడు కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్. ఆ మిల్లు పెట్టిన నాయుళ్ల పూర్వీకులు తెలుగు నేల నుంచి వలస వెళ్లినవారే. అందుకే మొహమాటం లేకుండా మనవాడంటాను. అప్పటిదాకా ఒంటి సీటు రేసుకారంటే ఎక్కువగా విదేశాల నుంచి తెప్పించుకునే ధనికుల సరదా. 1988లో కరి ఆ లెక్క మార్చేశాడు.

ఆయన తెలివి చూడండి. మారుతి 800లో ఇంజను ముందుంటుంది, ముందు చక్రాలనే తిప్పుతుంది. కరి ఆ 796 సీసీ ఇంజనునూ గేర్‌బాక్సునూ జంటగా తీసి డ్రైవరు వీపు వెనక పెట్టాడు. అవే ఇప్పుడు వెనక చక్రాలను తిప్పుతాయి. పొడవాటి షాఫ్టు అక్కర్లేదు, ఖరీదైన గేర్‌బాక్సు అక్కర్లేదు. స్పేరు పార్టు ఏ ఊళ్లోనైనా దొరికేది. ఇంత సులువైన ఆలోచనకు ఎంత ధైర్యం కావాలి!

ఇక పనితనం. బండి అస్థిపంజరమంతా స్టీలు గొట్టాల చట్రం. నలుచదరపు చట్రం ఊగుతుంది. ఐమూలగా ఒక గొట్టం వేస్తే బిగుసుకుంటుంది. గొట్టం కొసను వంపుగా కోసి, పక్క గొట్టానికి సందు లేకుండా అతికేలా ఆకురాయితో అరగదీయాలి. వేడికి లోహం లాగుతుంది కాబట్టి జిగ్ (కదలకుండా పట్టే దిమ్మ) మీద బిగించి, ముందు మూలమూలకూ చుక్క వెల్డింగ్ పెట్టి, తర్వాత ఇటు కాస్త, అటు కాస్త పూర్తి చేయాలి. తొందరపడ్డవాడి బండి ఒక పక్కకు లాగుతుంది. చివరికి నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి బరువు సరిచూస్తారు. డ్రైవరు కూర్చున్నాకే ఆ తూకం చెల్లుతుంది. మంచి మెకానిక్ స్ప్రింగును ఒక చుట్టు తిప్పి మలుపులో బండి స్వభావమే మార్చేస్తాడు. అది విద్య! అందరికీ ఒకే రకం కారు కాబట్టి గెలుపు డబ్బుది కాదు, చేతిది.

ఫార్ములా వన్ రేసర్ నరైన్ కార్తికేయన్ మొదలుపెట్టింది ఈ బండితోనే. 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఇండియానాపోలిస్‌లో నాలుగో స్థానంలో నిలిచాడు. ఆ రోజు పరుగెత్తినవి ఆరు కార్లేనని ఎకసెక్కాలాడేవారిని నేను పట్టించుకోను. నిలబడి పూర్తి చేసినవాడిదే రేసు.

1995లో కరి విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు ట్రాక్‌కు ఆయన పేరు పెట్టారు. స్విఫ్ట్ ఇంజనుతో పరుగెత్తే ఎల్‌జీబీ ఫార్ములా 4 కారు ఫార్ములా మారుతి వంశాన్ని నిలబెట్టింది. కానీ 2023లో మొదలైన భారత ఫార్ములా 4 పోటీలకు కారు ఫ్రాన్సు నుంచి వచ్చింది. డ్రైవరు కూర్చునే దాని కార్బన్ తొట్టి ప్రాణం కాపాడుతుంది, కాదనను. మన వెల్డరు మాత్రం దాన్నుంచి ఏం నేర్చుకుంటాడు? పెట్టె విప్పడమా? అంతకంటే ఘోరం మన ప్రదర్శనల్లో కనిపించే నకిలీలు. అతుకు పగుళ్ల మీద పుట్టీ పూసి, ఎర్ర రంగేసి, రేసుకారని ఫొటోలకు పెడతారు. పుట్టీ చాటున దాచిన పగులు ట్రాక్ మీద మనిషిని చంపుతుంది. దాన్ని తయారీ అనడం మోసం.

నెల్లూరు ఇంజనీరింగ్ కాలేజీల యాజమాన్యాలకూ, శ్రీసిటీ పారిశ్రామికవేత్తలకూ నా మనవి ఒక్కటే. గొట్టాల చట్రం కట్టే కళ తెలిసిన కోయంబత్తూరు మేస్త్రీలను పిలిపించండి. ఒక జిగ్, ఒక పాత స్విఫ్ట్ ఇంజను, కావలసినన్ని స్టీలు గొట్టాలు ఇచ్చి మన పిల్లలను వాళ్ల పక్కన నిలబెట్టండి. ఆ చేతులు ముసలివై పోకముందే ఈ పని జరగాలి.