ఆపిన బండిలో ఆగనిది

నా మొదటి కారు కార్బురేటర్ బండి. దాని పెట్రోలు పైపు ఎన్నిసార్లు ఊడబీకానో లెక్కలేదు. వేళ్లతో మెలిపెట్టి లాగితే వచ్చేసేది. నాలుగు చుక్కలు కారేవి. చివర బొటనవేలు అడ్డం పెట్టి పని కానిచ్చేవాణ్ణి. ట్యాంకులోంచి పెట్రోలు తీయాలంటే ట్యూబు నోట్లో పెట్టుకుని పీల్చడమే. అదంతా పనితనం అనుకునేవాణ్ణి.

ఆ ధీమాతోనే కొన్నేళ్ల తర్వాత ఇంజెక్షన్ బండి బోనెట్ ఎత్తాను. రబ్బరు పైపు పగుళ్లిచ్చింది, మార్చాలి. ఇంజను ఆపి పది నిమిషాలైంది. క్లిప్పు వదులు చేసి, అలవాటు ప్రకారం పైపు మెలిపెట్టాను. ఈసారి పెట్రోలు కారలేదు, చిమ్మింది. కళ్లద్దాలుండబట్టి కళ్లు దక్కాయి. చొక్కా తడిసింది. మిగిలింది వేడి చల్లారని ఇంజను మీద పడింది. అంటుకోలేదు, అంతే. అందులో నా తెలివేమీ లేదు.

మర్నాడు బెజవాడ ఆటోనగర్‌లో మా మేస్త్రీ అంతా విని ఒక్కటే అడిగాడు: ‘‘ఫ్యూజు తీశారా సార్?’’

ఫ్యూజుకీ పైపుకీ సంబంధమేమిటో అప్పుడు తెలిసింది. కార్బురేటర్ బండిలో పంపు పెట్రోలును నెమ్మదిగా అందిస్తుంది. ఒత్తిడి మూడు నాలుగు పీఎస్‌ఐకి అటూ ఇటూ. ఇంజెక్షన్ బండిలో ట్యాంకులోని కరెంటు పంపు దాన్ని నలభై దాటిస్తుంది. టైరులో 30 కొట్టించమంటాం కదా, అంతకంటే ఎక్కువ. పైగా ఇంజను ఆపినా ఆ ఒత్తిడి వెంటనే పోదు. మళ్లీ సెల్ఫ్ కొట్టగానే బండి అందుకోవాలని, పెట్రోలు వెనక్కి జారకుండా వాల్వు అడ్డం ఉంటుంది. 1999లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు కొత్త కార్లకు యూరో ప్రమాణాలు తప్పనిసరి చేశాక మన దేశంలో కార్బురేటర్‌కు రోజులు దగ్గరపడ్డాయి. బోనెట్ కింద యంత్రం మారింది గానీ, నా వేళ్లకు ఆ కబురు అందలేదు.

ఆ రోజు మేస్త్రీ పని చూస్తూ నిలబడ్డాను. ముందు బండిని షెడ్డులోని రిపేరు గుంట దగ్గర్నుంచి దూరంగా, ఆరుబయటికి తోయించాడు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు; పైకి పోదు, గుంటలో నీళ్లలా నిలబడుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. మంటలార్పే పొడి ఉన్న సిలిండరు చేతికందేలా పెట్టించాడు. మండే పెట్రోలు మీద నీళ్లు పోస్తే అది నీటిమీద తేలి మంటను ఇంకా పరుస్తుంది.

తర్వాత పంపు ఫ్యూజు పీకి ఇంజను స్టార్ట్ చేశాడు. పైపులో మిగిలిన పెట్రోలుతో కాసేపు నడిచింది, దగ్గింది, ఆగిపోయింది. మరో రెండుసార్లు సెల్ఫ్ కొట్టాడు. ట్యాంకు మూత వదులు చేశాడు. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పాడు. ఇక మొదలెడతాడనుకుంటే, ‘‘చల్లారాలి సార్, టీ తాగొద్దాం రండి’’ అన్నాడు. అది కూడా పనిలో భాగమే.

తిరిగొచ్చాక కళ్లకు అద్దాలు పెట్టుకుని, జాయింటు చుట్టూ గుడ్డ కప్పి, అప్పుడు క్లిప్పు వదిలాడు. ఇంత చేసినా గుడ్డ కాస్త తడిసింది. బిగుసుకున్న పైపును లాగలేదు. ఇనుప గొట్టం మీద గీత పడకుండా, బ్లేడుతో నిలువునా చీల్చి ఒలిచాడు.

కొత్త పైపు సంగతి మరో పాఠం. కొట్టులో మీటరు లెక్కన కోసిచ్చే నల్ల పైపులన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పైపు ఒంటి మీది అచ్చు చదవాలి. ‘ఆర్7’ అని ఉంటే పాత కార్బురేటర్ బండ్లకు. ఇంజెక్షన్‌కు ‘ఆర్9’ కావాలి. పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరిన ఈ రోజుల్లో ఏదో ఒక రబ్బరుతో సరిపెట్టుకోవడం మరీ ప్రమాదం. క్లిప్పు కూడా అంతే. గాళ్లున్న మామూలు క్లిప్పు బిగించేకొద్దీ రబ్బరును కొరుకుతుంది. లోపలివైపు నున్నగా, అంచులు పైకి మడిచి ఉన్నదే వాడాలి. ఇక నైలాన్ పైపుల బండ్లలో దెబ్బతిన్న చోట కోసి రబ్బరు ముక్క తొడగడం రిపేరు కాదు. ఆ పైపు మొత్తం మార్చాల్సిందే.

అన్నీ బిగించి, బ్యాటరీ కలిపి, ఫ్యూజు పెట్టాక కూడా స్టార్ట్ చేయలేదు. కీ ఆన్ మాత్రమే. వెనక పంపు రెండు క్షణాలు గుయ్యిమని ఆగింది. ఆఫ్, మళ్లీ ఆన్. అలా మూడుసార్లు. ఆపైన పాత పేపరు చింపి ప్రతి జాయింటు కిందా తుడిచి చూశాడు. తడి తగిలితే కాగితం దాచదు. ఎవరి కాలమ్ చింపాడో గానీ, పొడిగానే వచ్చింది. అప్పుడు ఇంజను స్టార్ట్ చేసి, ఇంకోసారి తుడిచాడు.

నిజానికి పైపు మార్చడానికి పావుగంట పట్టలేదు. ముందూ వెనకా గంటన్నర పట్టింది. నేను ఆ పావుగంటనే పని అనుకుని, మిగతా గంటన్నర ఎగ్గొట్టాను.

ఇప్పటికీ బోనెట్ ఎత్తితే నా వేళ్లు పైపు మీదికే పరుగెడతాయి. పాత విద్య అంత తేలిగ్గా వదలదు. అందుకే పీకిన ఫ్యూజును చొక్కా జేబులో వేసుకుంటాను. అది జేబులో ఉందో లేదో తడుముకున్నాకే చేతిని ముందుకు పోనిస్తాను.