చలువ కళ్ళద్దాలు - చలామణీ అయ్యే పేరు

నల్ల కళ్ళజోడు పెట్టుకున్నవారిని చూస్తే మనకు సినిమా హీరో గుర్తుకు వస్తాడు. ఇది వాటంతటదే జరిగిందని అనుకుంటాం. రేబాన్ కళ్ళజోడు చరిత్ర తిరగేస్తే, డబ్బిచ్చి గుర్తు చేయించుకున్న సందర్భాలు కూడా ఉన్నాయని తెలుస్తుంది.

జాన్ జేకబ్ బాష్, హెన్రీ లోంబ్ జర్మనీ నుంచి అమెరికాకు వలస వచ్చినవారు. వారు 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో కళ్ళద్దాల వ్యాపారం మొదలుపెట్టారు. ఆకాశంలో ఎండ తీక్షణతకు విమానచోదకుల కళ్ళు చెదిరేవి. 1930లలో వారి సంస్థ అందుకు విరుగుడుగా ఆకుపచ్చ అద్దాలు తయారుచేసింది. 1937లో అవి బజారుకు వచ్చాయి. కిరణాలను అడ్డుకుంటుందన్న భావం పేరులోనే ఉంది. అద్దం నీటిబొట్టులా కిందికి జారి ఉండడానికీ కారణం ఉంది: పైలటు మాటిమాటికీ కిందనున్న మీటర్లు చూసుకోవాలి. అవసరంలోంచి పుట్టిన అందం కనుక దాన్ని మేము మనసారా మెచ్చుకుంటాము.

రెండవ కథ వేరు. 1952లో రేమండ్ స్టెగ్‌మన్ ప్లాస్టిక్ చట్రంతో వేఫేరర్‌ను రూపొందించాడు. కొన్నేళ్ళు వెలిగి, ఆ మోజు తగ్గింది. 1981లో అమ్ముడైనవి దాదాపు 18,000 జతలే. మరుసటి ఏడు సంస్థ ఏటా 50,000 డాలర్లు చెల్లించి, తన కళ్ళజోళ్ళను సినిమాల్లో, టెలివిజన్‌లో చూపించే ఒప్పందం చేసుకుంది. 1983లో 'రిస్కీ బిజినెస్' చిత్రంలో టామ్ క్రూజ్ పెట్టుకున్నాడు. ఆ ఏడు అమ్మకాలు 3,60,000 జతలకు చేరాయి. రెండేళ్ళలో కళ్ళజోడు గుణం ఇరవై రెట్లు పెరిగిందా? లేదు, చూసేవారి కళ్ళు మారాయి. పేరు బలం ఎంతటిదంటే, 'బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫనీస్' (1961)లో ఆడ్రీ హెప్‌బర్న్ ధరించిన ఇంగ్లీషు సంస్థ ఆలివర్ గోల్డ్‌స్మిత్ కళ్ళజోడును కూడా చాలామంది వేఫేరర్ అనే చెబుతుంటారు.

1999లో ఇటలీకి చెందిన లగ్జోటికా 64 కోట్ల డాలర్లకు ఈ వ్యాపారాన్ని కొన్నది. 2021 నుంచి కెమెరా అమర్చిన రేబాన్‌లు కూడా వస్తున్నాయి. ధరించినవారి కళ్ళను కాపాడడానికి పుట్టిన వస్తువు ఎదుటివారిని ఫొటో తీసే వస్తువు కావడం మాకు రుచించలేదు.

మన తెలుగువాళ్ళు వీటికి 'చలువ కళ్ళద్దాలు' అని ఎంత చక్కటి పేరు పెట్టారు! ఆ పేరులో హీరో లేడు, కంపెనీ లేదు. కంటికి జరిగే మేలు ఒక్కటే ఉంది. అద్దం నల్లగా ఉన్నంత మాత్రాన ఆ మేలు జరగదు. నలుపు చాటున కంటిపాప విచ్చుకుంటుంది. అతినీలలోహిత కిరణాలను ఆపే గుణం ఆ అద్దానికి లేకపోతే, అవి మరింతగా లోపలికి పోతాయి. పిల్లలు కళ్ళజోడు కొనమని అడిగినప్పుడు అంచుమీది పేరు తర్వాత చూద్దాం. ముందు 'యూవీ 400' అన్న గుర్తు ఉందో లేదో చూద్దాం.