టేపు విని రాసేవాళ్లు

చరిత్ర రాసినవాళ్లను తలుచుకుంటాం గానీ, టేపు విని రాసిపెట్టినవాళ్లు ఎవరికీ గుర్తుండరు. హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తిరగేస్తే నాకు ముందు కనిపించేది ఆ చాకిరీయే. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీలను వెతుక్కుంటూ వెళ్లి, వాళ్లు చెప్పింది రికార్డు చేసి పుస్తకంగా వేశారు. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం తమ కథ తామే చెప్పుకున్నారందులో. పోరాటం ఆగిపోయాక ఆడవాళ్ల బతుకు ఏమైందన్న ప్రశ్న అంతకుముందు అడిగిందెవరు?

గంటసేపు మాట్లాడింది కాగితమ్మీద పెట్టాలంటే ఒక పూట గడిచిపోతుంది. మధ్యలో కోడి కూసినా, పక్కింటి రేడియో మోగినా అంతే సంగతులు. ఒక్క ముక్క కోసం టేపు మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పాలి. అదీ ఓర్చుకోవచ్చు. యాసను సాపు చేయాలని దురద పుడుతుంది చూడండి, అప్పుడు చెయ్యి ఆపుకోవడం కష్టం. చదువుకున్నవాళ్లకు మరీను.

ఇప్పుడు జేబులో ఫోనే రికార్డరు. ఊరి గ్రంథాలయమైనా, మహిళా సంఘమైనా ఈ పని మొదలుపెట్టొచ్చు. ముందు అనుమతి అడగడం, ఫైలుకు పేరు, ఊరు, తేదీ రాయడం, రెండుచోట్ల దాచడం వారంలో వచ్చేస్తాయి. రాసింది తీసుకెళ్లి చెప్పినావిడకే చదివి వినిపించేవాళ్లంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. “నేనట్ల అనలే బిడ్డా” అని ఆమె దిద్దితే, కొట్టేసి మళ్లీ రాస్తారు.