మూగ తుపాకికి నూనె గుడ్డ

అమ్రాబాద్‌లో మా చిన్నప్పుడు త్రీనాట్‌త్రీ అంటే అంకె అని మాలో ఎవరికీ తెలియదు. పోలీసు భుజాన వేలాడే పొడుగాటి కట్టె తుపాకి పేరే అది. గొట్టం లోపలి కొలత అంగుళంలో వెయ్యింట 303 వంతులు కాబట్టి ఆ పేరు వచ్చిందని కాలేజీలో ఎన్‌సీసీలో చేరాకే తెలిసింది. అక్కడ మా చేతికిచ్చినది పేలని తుపాకి. తూటా కూర్చునే చోట గొట్టానికి రంధ్రం పొడిచి, తూటాను పేల్చే సూది పనికిరాకుండా చేసి, కట్టె మీద తెల్లపట్టీలు వేసి, డీపీ (డ్రిల్ పర్పస్) అని ముద్ర కొట్టిన డ్రిల్ రైఫిల్. బాజూ శస్త్ర, బగల్ శస్త్ర, సలామీ శస్త్ర అన్న డ్రిల్ ఆజ్ఞలన్నీ దాంతోనే. పేలనిదాన్ని ఇంత శ్రద్ధగా ఎందుకు తుడవాలని మొదటి వారమే డ్రిల్ నేర్పే ఉస్తాద్‌ని అడిగాను. ఆయన నవ్వి చేతికి గుడ్డ ఇచ్చారు. జవాబు నాకు నేనుగా తెలుసుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

మొదట ఆ యంత్రం సంగతి. జేమ్స్ పారిస్ లీ ఆలోచించిన బోల్టు, పెట్టె మ్యాగజైను ఆధారంగా 1895లో లీ-ఎన్‌ఫీల్డ్ వచ్చింది. మనం చూసిన పొట్టి గొట్టం రకం, మార్క్ త్రీ, 1907 నాటిది. బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం దాన్ని మన దేశంలోనే దశాబ్దాల పాటు తయారుచేసింది. 1962 యుద్ధం తర్వాత అదే ఒడ్డూపొడుగుతో 7.62 మిల్లీమీటర్ల తూటాకు 2ఏ రైఫిల్‌నూ చేసింది.

బోల్టు అంటే తలుపు గొళ్లెమే. పిడి పైకెత్తి వెనక్కి లాగితే కాలిన తూటా బయటికి ఎగిరిపడుతుంది. ముందుకు తోస్తే పెట్టెలో పైనున్న తూటాను గొట్టంలోకి నెడుతుంది. పిడి కిందికి దించితే తాళం పడుతుంది. జర్మన్ మౌజర్‌లో తాళం పళ్లు బోల్టు ముందు కొసన ఉంటాయి, లీ తుపాకిలో వెనక ఉంటాయి. అందుకే బోల్టు తక్కువ దూరం జరుగుతుంది, చెయ్యి చకచకా ఆడుతుంది. స్ప్రింగు కూడా పిడి ఎత్తినప్పుడు కాకుండా ముందుకు తోసేటప్పుడు బిగుసుకుంటుంది. పది తూటాల పెట్టె ఉండటంతో తరిఫీదు పొందిన సిపాయి నిమిషానికి 15 గుళ్లు గురిచూసి కాల్చేవాడు. బలంలో మౌజర్‌దే పైచేయి అని ఒప్పుకుంటాను. కానీ చేతిలో ఇంత హాయిగా కదిలే బోల్టు మరొకటి నేనెరగను.

ఒక్క చిక్కుంది. 303 తూటాకు అడుగున అంచు ఉంటుంది. పైతూటా అంచు కిందితూటా అంచుకు ముందు ఉండాలి. వెనక పడిందా, రెండూ పెనవేసుకుని బోల్టు మొరాయిస్తుంది. డమ్మీ తూటాలతో నింపడం నేర్పేటప్పుడు ఉస్తాద్‌లు మొదట చూపించేది ఇదే.

బోల్టు తియ్యాలంటే దాన్ని పూర్తిగా వెనక్కి లాగి, తలను పట్టునుంచి పైకి తిప్పి, ఆపైన బయటికి లాగాలి. తిరిగి పెట్టే ముందు బోల్టు పిడి మీది అంకె, తుపాకి ఒంటిమీది అంకె ఒకటేనా అని చూడాలి. ప్రతి బోల్టూ దాని తుపాకికే అమర్చినది. పక్కదానిది పెడితే తూటా వెనక ఖాళీ మారిపోతుంది. పేలే తుపాకి అయితే అది ప్రాణగండం. డీపీ రైఫిళ్లలో జతలు చెదిరిపోయి ఉంటాయి, ఏమీ కాదు. అయినా అంకెలు చదవడం మానలేదు నేను.

గొట్టం శుభ్రం చేసే సరంజామా అంతా భుజానికి ఆనించే వెనక కట్టె, కుందాలోనే ఉంటుంది. వెనక ఇత్తడి పలకకు చిన్న తలుపు, లోపల నూనె కుప్పీ, పుల్‌త్రూ. పుల్‌త్రూ అంటే ఒక కొసన ఇత్తడి బరువు, రెండో కొసన లూపు ఉన్న తాడు. లూపులో నాలుగంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పున్న ఫ్లానెల్ గుడ్డ, చిందీ, పెడతారు. బరువును బోల్టు వైపునుంచి జారవిడిచి మూతి వైపునుంచి లాగాలి. తాడు నిటారుగా రావాలి. వంకరగా లాగితే అది మూతి అంచును ఏళ్ల తరబడి రాచి గురి చెడగొడుతుంది. పాత తూటాల అడుగున నిప్పు రాజేసే టోపీ మందు కాలాక తుప్పు తెచ్చే లవణాలు మిగిలేవి. కాల్చిన రోజే మరిగే నీళ్లు పోసి కడిగి, ఆరాక నూనె పట్టించేవారు.

కట్టెదగ్గర నేను తప్పు చేశాను. కుందాను పట్టి ఉంచే పొడవాటి బోల్టు వేరే ఉంది. దాని ముందు కొస చదరంగా ఉండి ముందరి కట్టెలోని బిళ్లలో కూర్చుని ఉంటుంది. ముందరి కట్టె తీయకుండా ఆ బోల్టు తిప్పితే కట్టె చీలుతుంది. నేను తిప్పాను. చిటుక్కుమంది. "ముందుగాల ముంగటి కట్టె తియ్యి బిడ్డా, ఆ తర్వాతనే కుందా" అన్నారు ఉస్తాద్, కోపం లేకుండానే. ఆ చీలికను చూపిస్తూనే ఇషాపూర్ పనివాళ్ల తెలివి గురించి చెప్పారు. మన ఎండకూ వానకూ కట్టె పగలకుండా మ్యాగజైను ముందు అడ్డంగా ఒక మర బిగించేవారు వాళ్లు. ఇషాపూర్ తుపాకిని ఆ మరతో గుర్తుపట్టవచ్చు.

మా నల్లమలలో వైశాఖపు ఎండకు కట్టె కుంచించుకుపోతుంది, శ్రావణానికి ఉబ్బుతుంది. వార్నీష్ పూయకూడదు. అవిసె నూనె అరచేతిలో వేసుకుని, వేడి పుట్టేదాకా రుద్దాలి. చేతి చెమట ఇనుముకు పగ కాబట్టి పట్టుకున్న ప్రతిసారీ తుడవాలి. తోలు సంచిలో దాస్తే తేమ పడుతుంది. మూతి కిందికి పెట్టి నిలబెడితే నూనె కుందాలోకి ఇంకి కట్టెను మెత్తబరచదు.

ఈ తుపాకికి మా ఊరితో ఉన్న చుట్టరికం చేదుది. తెలంగాణ సాయుధ పోరాటంలో వడిసెలతో, మందు దట్టి కాల్చే భర్మార్లతో మొదలుపెట్టినవాళ్లు శత్రువు చేతినుంచి లాక్కున్న రైఫిళ్లు పట్టారు. 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చాక పోరాట దళాలు నల్లమలకు, అమ్రాబాద్ వైపుకు తరలాయి. తరవాతా దశాబ్దాలపాటు ఈ అడవి తుపాకి చప్పుడు విన్నది. 1940లో మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ఇక్కడి చెంచుల మధ్య ఉండి విల్లంబుల గురించి రాశాడు. విల్లుకు దక్కిన ఆ అక్షరం ఇక్కడి భుజాలు మోసిన తుపాకికీ దక్కాలని నా కోరిక. దాని బరువు దాదాపు నాలుగు కిలోలు. రోజంతా కొండెక్కినవాడి భుజానికి ఆ నాలుగు కిలోలు ఏమిటో బొమ్మ చూస్తే తెలియదు, మోస్తేనే తెలుస్తుంది.

అందుకే ఈ తుపాకి నకళ్లు సేకరించేవాళ్లకు నాదొక మాట. ప్లాస్టిక్ బొమ్మ వద్దు. బరువు, తూకం, బోల్టు కదలిక నిజంగా ఉన్నదే కావాలి. చట్టమూ తెలుసుకోవాలి. 2016 ఆయుధ నియమావళిలో నకలు తుపాకుల ప్రస్తావన ఉంది, కాబట్టి కొనేముందే పోలీసులను అడిగి కాగితం చేతిలో పెట్టుకోవాలి.  నకలును వీధిలో ఎత్తి చూపకూడదు. 1972 వన్యప్రాణి చట్టం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధం తేనివ్వదు. మన్ననూరు అడవి గేటు దగ్గర నకలుతో నిలబడి వాదించే పరిస్థితి ఎవరికీ వద్దు.

2020 గణతంత్ర దినోత్సవంనాడు ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీనాట్‌త్రీకి వీడ్కోలు చెప్పారు. డీపీలు కూడా ఒక్కొక్కటిగా తుక్కుకు పోతున్నాయి. అచ్చంపేటలోనో నాగర్‌కర్నూలులోనో పిల్లలు చేత్తో తాకి, బోల్టు లాగి చూసే ఒక్క డీపీ రైఫిల్ మిగలాలి. పక్కనే చిందీ, నూనె కుప్పీ, అంకెలు రాసుకునే పుస్తకం ఉండాలి. మొదటి పాఠంగా ముందరి కట్టె చీలిన ఆ తుపాకినే చూపిస్తాను, నాకు అవకాశమిస్తే.