దిద్దుబాటు, సవరణ

ఆంగ్లమున కరెక్షననఁగాఁ దప్పు దిద్దుట. రెక్టిఫికేషననఁగా వంకర తీర్చుట. అమెండుమెంటనఁగాఁ దప్పున్నను లేకున్నను ఉన్నదానిని మేలునకై మార్చుట. మన కచేరీలు మూఁటికిని 'సవరణ' యను నొక్క మాటనే వాడుచున్నవి. 1951లో రాజ్యాంగమునకు జరిగినది సవరణయే. అది వ్రాఁతతప్పు దిద్దుట కాదు. 2017లో తెలంగాణమున భూరికార్డులకు జరిపినదానికి 'ప్రక్షాళన' యని పేరిడిరి. మురికిని గడుగుదుము, తప్పును దిద్దుదుము గదా! కరీంనగరు సీమలోని శ్రీరాంపూరు రైతు పాసుపుస్తకమున విస్తీర్ణము తప్పుపడినచో, నది దిద్దుబాటునకే తగును. సవరణ యన్నంతనే వ్రాసినవాని దోషము రైతు కోరికగా మాఱి, యతఁడే యర్జీదారుఁడై నిలుచుచున్నాఁడు. గురజాడవారు 1910లో తమ కథకు 'దిద్దుబాటు' అని పేరిడిరి. అందు దిద్దఁబడినవాఁడు తప్పుచేసిన భర్తయే. కచేరీలును ఆ మాటనే గ్రహింపవలెనని మా మనవి.